వేల కళ్ల ఎదుట ధ్యాన్‌చంద్



సంక్రాంతికో, బడి వార్షికోత్సవానికో మీ ఊళ్లో జరిగే ఆటల పోటీలను మీరు చూసే ఉంటారు. రోజూ సాయంత్రం స్నేహితుల మధ్య బాగా ఆడే కుర్రవాడు పోటీనాడు చుట్టూ చేరిన జనాన్ని చూసి బిగుసుకుపోతాడు. కాళ్లు కదలవు. చేతికి వచ్చిన బంతి జారిపోతుంది. మరొక కుర్రవాడు అదే జనం కేకలు వినగానే రెట్టింపు ఉత్సాహంతో ఆడతాడు. మైదానం ఒకటే, చూసేవాళ్లూ ఒకటే. మరి ఈ తేడా ఎక్కడినుంచి వస్తుంది?

ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జీవితకథ చదవండి. ఆయన కొట్టిన గోల్స్ లెక్క చాలా పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ గోల్స్‌ను ఎవరి ఎదుట కొట్టారు, అప్పుడు ఆయన మనసు ఎలా ఉంది అన్నది మనం ఇక్కడ చూద్దాం.

బడి మానేసిన బాలుడు

ధ్యాన్‌చంద్ 1905 ఆగస్టు 29న అలహాబాదులో జన్మించారు. ఆ ఊరి పేరు ఇప్పుడు ప్రయాగ్‌రాజ్. తండ్రి సమేశ్వర్ సింగ్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసేవారు. పటాలం ఎక్కడికి మారితే కుటుంబం అక్కడికి మారాలి. ఇలా ఊళ్లు మారడంతో బాలుడి చదువు సాగలేదు. ఆరేళ్లు చదివాక బడి ఆగిపోయింది. చివరికి ప్రభుత్వం ఇల్లు కట్టుకోవడానికి కొద్దిపాటి స్థలం ఇవ్వడంతో కుటుంబం ఝాన్సీలో స్థిరపడింది. అందుకే ఆయన పేరు చెప్పగానే అందరికీ ఝాన్సీ గుర్తుకు వస్తుంది.

తండ్రి సైన్యంలో హాకీ ఆడేవారు. కొడుకుకు మాత్రం చిన్నప్పుడు హాకీ మీద పెద్ద ఆసక్తి లేదు, కుస్తీ అంటే ఇష్టం. పుట్టుకతోనే చేతిలో హాకీ కర్ర పట్టుకొని వచ్చాడన్నట్టు ఆయన గురించి రాసేవాళ్లున్నారు. అది నిజం కాదు. 1922లో, 17 ఏళ్ల వయసులో, మామూలు సిపాయిగా ఢిల్లీలో ఫస్ట్ బ్రాహ్మిణ్స్ అనే పటాలంలో చేరిన తరువాతే ఆయన హాకీని పట్టుదలగా నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ పటాలంలో బాలే తివారీ అనే సుబేదార్ మేజర్ ఉండేవారు. హాకీ అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయనే ధ్యాన్‌చంద్‌కు తొలి పాఠాలు చెప్పారు.

వెన్నెల్లో సాధన

సిపాయికి పగలంతా పని ఉంటుంది. కవాతు, కాపలా, పై అధికారులు చెప్పిన పనులు. ఆటకు మిగిలేది సాయంత్రం కొద్ది సమయం, ఆ తరువాత రాత్రి. అప్పట్లో మైదానాల్లో విద్యుద్దీపాలు లేవు. అందువల్ల ధ్యాన్ సింగ్ చంద్రుడు వచ్చేదాకా ఆగి, ఆ వెన్నెల్లో ఒంటరిగా బంతిని కర్రతో నడిపిస్తూ సాధన చేసేవాడని చెబుతారు. ఆయన అసలు పేరు ధ్యాన్ సింగ్. హిందీలో చాంద్ అంటే చంద్రుడు కాబట్టి తోటి సిపాయిలు ఆయన పేరు చివర ఆ మాట చేర్చారనీ, అది చంద్‌గా నిలిచిపోయిందనీ అంటారు.

ఈ సాధన గురించి ఒక సంగతి గమనించండి. ఆ రాత్రుల్లో ఆయనను చూసేవారు ఎవరూ లేరు. బంతి తప్పిపోతే నవ్వేవాడు లేడు, బాగా ఆడితే చప్పట్లు కొట్టేవాడూ లేడు. వంద సార్లు తప్పినా ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర లేదు. కొత్తగా ఒక పని నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి చోటు మరొకటి ఉండదు. వంట అయినా, సైకిలు తొక్కడం అయినా, పెద్దవయసులో అక్షరాలు దిద్దడం అయినా ఇది మనకు అనుభవంలో ఉన్నదే. పక్కన ఎవరైనా నిలబడి చూస్తుంటే పలక మీద చేయి వణుకుతుంది.

జీలంలో నాలుగు నిమిషాలు

సైన్యంలో చేరిన తొలి సంవత్సరాల్లో ధ్యాన్‌చంద్ పటాలాల మధ్య జరిగే పోటీల్లో ఆడేవారు. తరువాత పద్నాలుగవ పంజాబ్ పటాలంలోకి మారారు. ఆ రోజుల్లో పదాతిదళాల హాకీ పోటీ ఒకటి జీలంలో జరిగింది. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఆట ముగియడానికి ఇంకా నాలుగు నిమిషాలే ఉంది. ధ్యాన్‌చంద్ జట్టు రెండు గోల్స్ వెనకబడి ఉంది. గట్టు మీద పటాలం సిపాయిలు, అధికారులు నిలబడి చూస్తున్నారు. సిపాయికి పటాలం పరువు అంటే సొంత ఇంటి పరువు లాంటిది. ఓడిపోతే ఆ రాత్రి బ్యారక్‌లో అందరి ముఖాలూ చూడాలి.

అప్పుడు కమాండింగ్ అధికారి మైదానం బయటి నుంచి గట్టిగా కేక వేశారు. జట్టు రెండు గోల్స్ వెనకబడి ఉందని, ఏదో ఒకటి చేయమని ధ్యాన్‌చంద్‌ను పేరుపెట్టి పిలిచి చెప్పారు. అంతే. మిగిలిన ఆ కొద్ది నిమిషాల్లో ధ్యాన్‌చంద్ వరుసగా మూడు గోల్స్ కొట్టారు. జట్టు గెలిచింది. హాకీ మాంత్రికుడు అనే పేరు ఆయనకు ఆ ఆటతోనే వచ్చింది.

ఆ కేకలో తిట్టు లేదు, బెదిరింపు లేదు. ఓడిపోతే పటాలానికి ఎంత అవమానమో ఆ అధికారి ఏకరువు పెట్టలేదు. ఎంత వెనకబడి ఉన్నారో చెప్పి, చేయగల మనిషిని పేరు పెట్టి పిలిచి పని అప్పగించారు. మన పిల్లల ఆటలను చూడటానికి వెళ్లినప్పుడు గట్టున నిలబడి మనం వేసే కేకలు ఎలా ఉంటాయో ఒక్కసారి గుర్తుచేసుకోండి.

ఇక్కడ కాసేపు కథను ఆపి, శాస్త్రజ్ఞులు చెప్పిన రెండు మాటలు తెలుసుకుందాం. 1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే పరిశోధకుడు 40 మంది పిల్లలకు చేపల గాలానికి దారం చుట్టే చక్రం వంటిది ఇచ్చి తిప్పమన్నాడు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి పక్కన మరొకరు పోటీగా తిప్పుతుండగా. 20 మంది పోటీలో ఇంకా వేగంగా తిప్పారు. 10 మంది కంగారుపడి ఉన్న వేగం కూడా పోగొట్టుకున్నారు. మిగిలిన 10 మందిలో పెద్ద తేడా కనిపించలేదు. పక్కన మరొక మనిషి ఉండటం అందరి మీదా ఒకే విధంగా పనిచేయదని దీనివల్ల తెలిసింది.

1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి ఒక కారణం చూపాడు. ఎదుట మనుషులు ఉంటే మన ఒంట్లో ఉద్రేకం పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి. ఆ ఉద్రేకం కొత్త నేర్పునేమీ తెచ్చిపెట్టదు. మనలో బాగా నాటుకుపోయిన అలవాటు ఏదుంటే దాన్ని పైకి తోస్తుంది. బాగా వచ్చిన పని ఇంకా బాగా సాగుతుంది. సగం వచ్చిన పనిలో తప్పులు పెరుగుతాయి. లేత వయసులో చాలా నేర్పులు సగమే వచ్చి ఉంటాయి కాబట్టి జనం ముందు పిల్లలు తడబడటంలో వింత లేదు.

అయితే అన్ని సందర్భాలకూ ఈ ఒక్క కారణమే సరిపోదు. ఆరితేరిన ఆటగాడు కూడా ఒక్కొక్కసారి జనం చూపు తగలగానే తన చేతిని తానే గమనించుకోవడం మొదలుపెడతాడు. ఆలోచించకుండా జరిగిపోయే పని ఆలోచనతో కుంటుపడుతుంది. ధ్యాన్‌చంద్ జట్టుకు కూడా అలాంటి కంగారు ఎదురైంది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

న్యూజిలాండ్ ప్రయాణం

1926లో భారత సైనిక జట్టును న్యూజిలాండ్ పంపాలని నిర్ణయించారు. కమాండింగ్ అధికారి పిలిచి, నువ్వు వెళుతున్నావని చెప్పినప్పుడు ధ్యాన్‌చంద్ నోట మాట రాలేదు. గట్టిగా సెల్యూట్ చేసి బయటికి వచ్చి, అధికారి కనుచూపు దాటగానే కుందేలులా బ్యారక్‌కు పరుగెత్తి స్నేహితులకు చెప్పారు. ఇది ఆయన తన ఆత్మకథలో రాసుకున్న సంగతే. గోల్ అనే ఆ పుస్తకం 1952లో మద్రాసు నుంచి వెలువడింది. మైదానంలో ఎవరికీ భయపడని మనిషి ఒక గదిలో, ఒక అధికారి ఎదుట మాటలు రాక నిలబడ్డారు. మనిషి బెరుకు అన్ని చోట్లా ఒకేలా ఉండదు.

ఆ జట్టు 21 ఆటలు ఆడి 18 గెలిచింది, రెండు సమంగా ముగిశాయి, ఒకటి ఓడింది. మొత్తం 192 గోల్స్ కొట్టింది. సముద్రాలు దాటి వచ్చిన ఈ సిపాయిల ఆట చూడటానికి అక్కడి జనం విరగబడి వచ్చారు. తిరిగి వచ్చాక ధ్యాన్‌చంద్‌కు లాన్స్ నాయక్‌గా పదోన్నతి దొరికింది. సిపాయికి అది చిన్న విషయం కాదు.

ముగ్గురు మనుషుల వీడ్కోలు

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలకు భారత హాకీ జట్టు మొదటిసారిగా వెళ్లింది. ఓడ ఎక్కడానికి ముందు బొంబాయిలో ఆడిన ఆటలో ఈ జట్టు స్థానిక జట్టు చేతిలో 2-3 తేడాతో ఓడిపోయింది. అంతటితో వీరి మీద ఎవరికీ నమ్మకం మిగల్లేదు. మార్చి 10న ఓడ బయలుదేరినప్పుడు రేవులో వీడ్కోలు చెప్పడానికి వచ్చినవారు ముగ్గురే. వారిలో ఇద్దరు హాకీ సమాఖ్య పెద్దలు, ఒకరు పత్రికా విలేకరి.

ప్రేక్షకుల వల్ల కలిగే బరువు గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా కిక్కిరిసిన జనాన్నే తలచుకుంటాం. ఖాళీ రేవు కూడా ఒక మాట చెబుతుంది. మీ నుంచి మేము ఏమీ ఆశించడం లేదు అన్న మాట అది. కొందరు కుర్రవాళ్లను ఆ మాట కుంగదీస్తుంది. మరికొందరికి అది భుజాల మీది బరువు దించినట్టు ఉంటుంది. ఈ జట్టుకు ఏది జరిగిందో వారి ఆటే చెబుతుంది. ఆస్ట్రియా మీద 6, బెల్జియం మీద 9, డెన్మార్క్ మీద 5, స్విట్జర్లాండ్ మీద 6 గోల్స్. తిరిగి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

మే 26న నెదర్లాండ్స్‌తో చివరి ఆట. అది వారి సొంత గడ్డ. ఇరవై వేలకు పైగా జనం, దాదాపు అందరూ ఎదుటి జట్టు వైపే. భారత జట్టు పరిస్థితి బాగా లేదు. కెప్టెన్ జైపాల్ సింగ్ అప్పటికి జట్టుతో లేరు. కొందరు ఆటగాళ్లు జబ్బుతో, గాయాలతో ఆడలేని స్థితిలో ఉన్నారు. ధ్యాన్‌చంద్‌కు కూడా ఒళ్లు కాలిపోయే జ్వరం. మేనేజర్ రోసర్ జట్టుకు చెప్పింది ఒకటే మాట, చావో రేవో తేల్చుకోవాలని. తాను వృత్తిరీత్యా సిపాయిని కనుక దేశం పరువు నిలపాల్సి వచ్చినప్పుడు యుద్ధభూమికి వెళ్లినట్టే మైదానానికి వెళ్లానని ధ్యాన్‌చంద్ తరువాత చెప్పుకున్నారు. భారత్ 3-0తో గెలిచింది. ఐదు ఆటల్లో జట్టు కొట్టిన 29 గోల్స్‌లో 14 ఆయనవే. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

చావో రేవో అన్న మాట జ్వరంతో ఉన్న కుర్రవాడికి చెప్పదగినదేనా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. ధ్యాన్‌చంద్‌కు అది పనిచేసింది. ఆరేళ్ల సైనిక జీవితం ఆయనకు అటువంటి ఆజ్ఞలను అలవాటు చేసింది. అందరు పిల్లలకూ అది మందు అవుతుందని అనుకోకూడదు.

జట్టు తిరిగి వచ్చిన రోజున బొంబాయి రేవు జనంతో నిండిపోయింది. వెళ్లేటప్పుడు ముగ్గురు, వచ్చేటప్పుడు వేలమంది.

ఆగి ఆలోచించండి: మీ ఊరి జట్టు ఓడి వచ్చినప్పుడు ఎదురు వెళ్లేవారు ఎంతమంది? గెలిచి వచ్చినప్పుడు ఎంతమంది?

కొత్తవారితో కలకత్తాలో

ఒలింపిక్ విజయం తరువాత కొంతకాలానికి సైన్యం ఆయనను వాయవ్య సరిహద్దులోని వజీరిస్తాన్‌కు పంపింది. కొండలు, కాపలాలు, అప్పుడప్పుడు తుపాకి మోతలు. హాకీ ప్రపంచానికి ఆయన దూరమయ్యారు. 1932 ఒలింపిక్స్‌కు ఎంపిక పోటీలు జరిగినప్పుడు పటాలం ఆయనకు సెలవు ఇవ్వలేదు. అయినా పరీక్షా పోటీ లేకుండానే ఆయనను ఎంపిక చేశారు. లాస్ ఏంజెలిస్‌లో జపాన్ మీద 11-1, అమెరికా మీద 24-1 తేడాతో భారత్ గెలిచింది. అమెరికాతో ఆటలో ధ్యాన్‌చంద్ 8, తమ్ముడు రూప్ సింగ్ 10 గోల్స్ కొట్టారు. ఆ పోటీకి వచ్చినవే మూడు జట్లు కాబట్టి ఈ అంకెలను చూసి మరీ మురిసిపోనక్కర లేదు.

ధ్యాన్‌చంద్ తన ఆటలన్నింటిలోకీ గొప్పదిగా చెప్పుకున్నది ఒలింపిక్ ఆట కాదు. 1933లో కలకత్తాలో జరిగిన బైటన్ కప్ చివరి ఆట. ఆయన ఝాన్సీ హీరోస్ అనే జట్టుతో అక్కడికి వెళ్లారు. ఆ జట్టులో రూప్ సింగ్, ఇస్మాయిల్ తప్ప పేరున్నవారు లేరు. మిగతావారంతా అనుభవం లేని కుర్రవాళ్లు. ఎదురుగా కలకత్తా కస్టమ్స్ జట్టు. అందులో పేరు మోసిన ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. పైగా అది వాళ్ల ఊరు. హాకీ అంటే చెవి కోసుకునే కలకత్తా జనం మైదానం చుట్టూ ఉన్నారు.

జట్టులోని కుర్రవాళ్లు అంత పెద్ద ఊరి జనం ఎదుట అంత పెద్ద ఆట ఎన్నడూ ఆడినవారు కాదు. ఆట మొదలయ్యాక ఎక్కువసేపు కస్టమ్స్ వారిదే పైచేయి. ఝాన్సీ కుర్రవాళ్లు గోల్ కాపాడుకోవడంతోనే సరిపోయింది. అయినా వారు చెదరలేదు. ఒక దశలో మైదానం మధ్యనుంచి ధ్యాన్‌చంద్ ఒక పొడవాటి పాస్ ఇచ్చారు. ఇస్మాయిల్ బంతి వెంట సగం మైదానం పరుగెత్తాడు. అతన్ని ఎవరు ఆపాలో తెలియక ఎదుటి జట్టు ఆటగాడు ఒకరూ, గోల్ కీపరూ తడబడ్డారు. ఆ సందులో ఇస్మాయిల్ బంతిని గోల్‌లోకి కొట్టాడు. ఆటలో పడిన గోల్ అదొక్కటే. ఝాన్సీ హీరోస్ కప్ గెలిచింది.

సొంత ఊరి జనం ఎదుట తడబడింది అనుభవజ్ఞులు. నిలిచింది కొత్తవారు. సొంత జనం ఎప్పుడూ బలమే అనుకుంటాం కానీ వాళ్ల ఎదుట ఓడిపోకూడదన్న భయం కూడా వాళ్లతోపాటే వస్తుంది. ఇక కొత్తవారి పక్కన ధ్యాన్‌చంద్ ఉన్నారు. గోల్స్‌కు పేరుపడ్డ మనిషి ఆ రోజు గోల్ కొట్టలేదు, కొట్టించారు. మెరుగైన చోట నిలబడినవాడికి బంతిని అందించడం ఆయన ఆటలో ఉన్న గుణం. జనం తననే చూడాలనుకునే ఆటగాడికి ఇది రాదు.

బెర్లిన్‌లో నిద్రలేని రాత్రి

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు ధ్యాన్‌చంద్ కెప్టెన్. ఈసారి కథ 1928కి తలకిందులుగా ఉంది. రెండుసార్లు స్వర్ణం గెలిచిన జట్టు ఓడిపోతుందని ఎవరూ అనుకోరు. గెలుపు ఆశ కాదు, బాకీ. అటువంటి స్థితిలో బయలుదేరడానికి ముందే ఢిల్లీ జట్టు చేతిలో 4-1తో ఓడారు. బెర్లిన్ చేరాక జులై 17న జర్మనీతో అభ్యాసానికి ఆట పెట్టుకున్నారు. అందులోనూ 4-1తో ఓడిపోయారు.

ఆ రాత్రి జట్టులో ఎవరికీ నిద్ర పట్టలేదు. కొందరు భోజనం కూడా చేయలేదు. బతికి ఉన్నంతకాలం ఆ ఓటమిని మరవలేనని ధ్యాన్‌చంద్ రాసుకున్నారు. ప్రపంచంలో ఎదురులేని ఆటగాళ్లు వీరు. వీరికే ఆకలి, నిద్ర పోయాయంటే, రేపు బడి పోటీలో ఆడబోయే పిల్లవాడు అన్నం సరిగా తినకపోవడం పిరికితనం కాదని మనం అర్థం చేసుకోవాలి. ఆందోళన బలహీనులకే వస్తుందన్నది అపోహ.

ఆ తరువాత వారు చేసినది గమనించదగినది. కూర్చొని లోపం ఎక్కడుందో చూసుకున్నారు. ముందు వరుసలో ఆటగాడు కావాలని స్వదేశానికి కబురు పంపారు. దారా అనే ఆటగాడు విమానంలో బయలుదేరి సెమీఫైనల్ నాటికి చేరుకున్నాడు. భయానికి ఒక పని దొరికితే అది కొంత తగ్గుతుంది. హంగరీ మీద 4, అమెరికా మీద 7, జపాన్ మీద 9, ఫ్రాన్స్ మీద 10 గోల్స్ కొట్టి, ఒక్కటీ ఇవ్వకుండా చివరి ఆటకు చేరారు. ఎదుట మళ్లీ జర్మనీ.

ఆట ఆగస్టు 14న జరగాలి. వాన పడి మరునాటికి వాయిదా పడింది. ఎదురుచూపు ఒక రోజు పెరిగితే కంగారు కూడా ఒక రోజు పెరుగుతుంది. ఆగస్టు 15 ఉదయానికి మైదానం ఇంకా తడిగానే ఉంది. దుస్తులు మార్చుకునే గదిలో ఆటగాళ్ల ముఖాల్లో పాత ఓటమి నీడ కనిపిస్తోంది. అప్పుడు సహాయ మేనేజర్ పంకజ్ గుప్తా కాంగ్రెస్ మూడు రంగుల జెండా బయటికి తీశారు. ఆటగాళ్లు ఆ జెండాకు వందనం చేసి మైదానంలోకి నడిచారు. వారు ఆడుతున్నది బ్రిటిష్ ఇండియా జట్టుగా. ఆ గదిలో జరిగినది బయట జనానికి తెలియదు. సరిగ్గా పదకొండేళ్లకు అదే తేదీన దేశం స్వతంత్రమవుతుందని ఆ గదిలో ఉన్నవారికీ తెలియదు.

జర్మనీ జనం ఆ రోజు గెలుపు చూడాలని వచ్చారు. తడి మైదానం మీద బంతి అనుకున్నట్టు దొర్లడం లేదు. మొదటి సగంలో చాలాసేపు గోల్ పడలేదు. ఆ తరువాత రూప్ సింగ్ ఒక గోల్ కొట్టాడు. విరామానికి 1-0. ఎటైనా తిరగగల ఆట అది. విరామంలో ధ్యాన్‌చంద్ స్పైకులున్న బూట్లు, మేజోళ్లు విప్పేశారు. రబ్బరు అడుగున్న తేలిక జోళ్లతో మళ్లీ దిగారు. రెండవ సగంలో భారత్ ఏడు గోల్స్ కొట్టింది. జర్మనీ ఒకటి కొట్టింది. ఆ ఒలింపిక్స్‌లో భారత్ ఇచ్చిన గోల్ అదొక్కటే. ఆట 8-1తో ముగిసింది.

ఎటూ తేలని ఆటలో, ఎదుటివారి జనం మధ్య, కెప్టెన్ ఆలోచించింది తన పాదాల గురించి. జనాన్ని మార్చడం ఆయన చేతిలో లేదు, వానను ఆపడం లేదు. జోళ్లు మార్చుకోవడం చేతిలో ఉంది. ఇప్పటి క్రీడా శిక్షకులు ఇదే నేర్పుతారు. జనం ఏమనుకుంటారు అన్నదానిమీదికి పోయే మనసును, ఇప్పుడు చేయవలసిన చిన్న పని మీదికి మళ్లించమంటారు.

ఈ ఆట తరువాత హిట్లర్ ఆయనకు జర్మనీ సైన్యంలో పెద్ద ఉద్యోగం ఇస్తానన్నాడనీ, కర్రలో అయస్కాంతం ఉందేమోనని ఎక్కడో విరిచి చూశారనీ కథలు ఉన్నాయి. మీరూ వినే ఉంటారు. వాటికి గట్టి ఆధారాలు లేవు కనుక ఈ పాఠంలో వాటిని చరిత్రగా చెప్పడం లేదు. చూసినవారు తాము చూసినదాన్ని నమ్మలేకపోతే ఇటువంటి కథలు పుడతాయి.

తరువాతి సంవత్సరాలు

రెండవ ప్రపంచ యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. ధ్యాన్‌చంద్ ఆట బలంగా ఉన్న కాలం అలా యుద్ధంలో పోయింది. 1947 చివరలో తూర్పు ఆఫ్రికాలోని భారతీయులు హాకీ జట్టును పంపమని అడుగుతూ, ధ్యాన్‌చంద్ తప్పక రావాలని షరతు పెట్టారు. 42 ఏళ్ల వయసులో ఆయన వెళ్లి ఆడారు. ఒకప్పుడు ముగ్గురు సాగనంపిన మనిషిని చూస్తే చాలని సముద్రం అవతలి జనం అడిగారు. 1948లో ఆయన పెద్ద పోటీల నుంచి తప్పుకున్నారు.

1956లో మేజర్ హోదాలో సైన్యం నుంచి విరమించారు. అదే సంవత్సరం ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆ తరువాత పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ప్రధాన హాకీ శిక్షకుడిగా పనిచేశారు. ఆయన కుమారుడు అశోక్ కుమార్ కూడా హాకీ ఆడాడు. అటువంటి తండ్రి పేరు మోస్తూ మైదానంలోకి దిగడం ఎంత బరువో ఊహించవచ్చు. తనను చూసే ప్రతి కన్నూ తండ్రితో పోల్చి చూస్తుంది. 1975లో కౌలాలంపూర్‌లో జరిగిన ప్రపంచ కప్ చివరి ఆటలో పాకిస్తాన్ మీద గెలుపు గోల్ కొట్టింది ఈ అశోక్ కుమారే. ఆ వార్త వినడానికి తండ్రి ఉన్నారు.

చివరి రోజుల్లో ధ్యాన్‌చంద్‌కు కాలేయ క్యాన్సర్ వచ్చింది. చేతిలో డబ్బు లేదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రిలో, సామాన్య రోగుల వార్డులో ఉండి, 1979 డిసెంబరు 3న కన్నుమూశారు. దేశం ఆ తరువాత ఆయనను గట్టిగానే గుర్తుచేసుకుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుతున్నారు. దేశపు అత్యున్నత క్రీడా పురస్కారానికి 2021లో ఆయన పేరు పెట్టారు.

భౌతికకాయాన్ని ఝాన్సీకి తీసుకువెళ్లారు. శ్మశానంలో కాకుండా, ఆయన ఆడిన ఝాన్సీ హీరోస్ మైదానంలోనే దహనం చేశారు.